పడక పోయినవాడి దగ్గరికే వైద్యం



ఖతార్‌లోని అల్ ఖోర్ పేరు ప్రపంచమంతా విన్నది 2022 నవంబరు 20న. ఆ రాత్రి ఎడారి గుడారం ఆకారంలో కట్టిన అల్ బైత్ స్టేడియంలో ఖతార్, ఈక్వెడార్ జట్లు ప్రపంచ కప్ ఫుట్‌బాల్ తొలి మ్యాచ్ ఆడాయి. దోహా నుంచి ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్లు వెళ్తే ఈ ఊరు వస్తుంది. ఒకప్పుడు ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్లదీ, చేపలు పట్టేవాళ్లదీ ఈ ఊరు. ఇప్పుడు తెల్లవారకముందే రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్ల వైపు బస్సులు వరసగా కదులుతాయి. ఆ బస్సుల్లో నేపాలీలు, బంగ్లాదేశీలు, మలయాళీల పక్కన మన జగిత్యాల వాళ్లుంటారు, సిరిసిల్ల వాళ్లుంటారు, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల వాళ్లుంటారు.

ఆ బస్సు ఎక్కలేని మనిషి గురించి ఈ రోజు మాట్లాడతాను. పనిపోయి, పడకపోయి, ఆ తర్వాత మనసు చెదిరిన మనిషి గురించి. అతని దగ్గరికి వైద్యం ఎలా నడిచి వెళ్లాలన్నదే నా ప్రసంగం. ఖతార్‌లో ఉండి వింటున్నవాళ్లకు ఎంత చెబుతున్నానో, ఊళ్లో ఫోన్ కోసం ఎదురుచూస్తున్న అమ్మానాన్నలకూ, భార్యలకూ అంతే చెబుతున్నాను.

"ఖతార్‌లో రోడ్ల మీద పడుకునేవాళ్లు ఎక్కడున్నారు?" అని మీరు అడగవచ్చు. హైదరాబాద్‌లో ఫుట్‌పాత్ మీద, సికింద్రాబాద్ స్టేషన్ ముందు కనిపించినట్టు ఇక్కడ కనిపించరు. ఎందుకంటే ఇక్కడ కనిపిస్తే పట్టుబడతారు. ఇల్లు లేనివాడు ఇక్కడ దాక్కుంటాడు. ఊరి మనిషి గదిలో రెండు మంచాల మధ్య నేల మీద పడుకుంటాడు. క్యాంపు బాస్ వచ్చే వేళకు బయటికి వెళ్లిపోతాడు. కొన్నాళ్లకు ఆ గదివాళ్లకూ భయం పట్టుకుంటుంది. అక్కడి నుంచి ఇంకో గది, ఇంకో ఊరివాడు. చివరికి సగం కట్టి వదిలేసిన గదుల్లో, పార్కుల్లో, పార్క్ చేసిన లారీల మధ్య రాత్రులు గడుస్తాయి. గల్ఫ్‌లో ఉన్న ప్రతి తెలుగువాడికీ ఈ బతుకు పేరు తెలుసు. ఖల్లివెల్లి అంటారు. ఊళ్లో వాళ్లు కూడా "మావోడు ఖల్లివెల్లి అయిండు" అని గొంతు తగ్గించి చెబుతారు.

పని పోయినంత మాత్రాన నిలువ నీడ ఎందుకు పోవాలి? మన దేశంలో పని పోతే ఇల్లు వెంటనే పోదు. అప్పుచేసో, అత్తగారింట్లో ఉండో నెట్టుకొస్తాం. గల్ఫ్‌లో పని, పడక, కాగితం మూడూ ఒకే చేతిలో ఉంటాయి. జీతమిచ్చే కంపెనీయే క్యాంపులో మంచం ఇస్తుంది, మెస్‌లో అన్నం పెడుతుంది, ఖతార్ ఐడీ రెన్యువల్ చేయిస్తుంది. 2020లో ఖతార్ చట్టాలు మారాయి. కంపెనీ మారడానికి పాత యజమాని ఒప్పుకోలు అక్కర్లేదన్నారు. 2021 మార్చి 20 నుంచి కనీస వేతనం నెలకు 1000 రియాళ్లు, వసతి ఇవ్వకపోతే దానికి మరో 500, భోజనం పెట్టకపోతే 300 ఇవ్వాలన్నారు. ఇవి మంచి మార్పులు, వాటి విలువ నేను తగ్గించను. కానీ కాగితం రెన్యువల్ చేయించే బాధ్యత ఇంకా కంపెనీదే. మనిషి పనికి రావడం లేదని, పారిపోయాడని ఫిర్యాదు చేసే అధికారమూ కంపెనీదే. కంపెనీ చేతులెత్తేస్తే పని, పడక, కాగితం మూడూ ఒక్కసారే పోతాయి.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2020 జూన్‌లో అమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఒక నివేదిక బయటపెట్టింది. ఇందాక చెప్పిన అల్ బైత్ స్టేడియం పనిలోనే ఒక సబ్‌కాంట్రాక్టు కంపెనీ సుమారు 100 మందికి ఏడు నెలల దాకా జీతాలు బాకీ పెట్టిందనీ, చాలామందికి ఐడీలు కూడా రెన్యువల్ చేయించలేదనీ అందులో ఉంది. ఏడు నెలలు జీతం రాకపోవడమంటే ఏమిటో కరీంనగర్ పల్లెలో అడగండి. ఏజెంటుకు కట్టడానికి నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు ఆ ఏడు నెలలూ పెరుగుతూనే ఉంటుంది. బిడ్డ పెళ్లి ఆగుతుంది. ఇంటి గోడ లెంటల్ దగ్గర నిలిచిపోతుంది. ఫోన్ మోగినప్పుడల్లా ఆ మనిషి గుండె దడదడలాడుతుంది. కొన్నాళ్లకు ఫోన్ ఎత్తడం మానేస్తాడు. ఆ తర్వాత నిద్ర కరువవుతుంది.

నిద్ర కరువైన దగ్గరే మనం మేలుకోవాలి. ఇంట్లోవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. రెండు మూడు వారాలుగా నిద్రపట్టడం లేదంటే, అన్నం సయించడం లేదంటే, "నేను బతికేం లాభం" అన్నాడంటే, ఎవరో వెంబడిస్తున్నారని, గదివాళ్లు అన్నంలో ఏదో కలుపుతున్నారని చెబుతుంటే, అది మొండితనమూ కాదు, గాలి సోకడమూ కాదు. అది జబ్బు. దానికి మందుంది. ఎంత ముందుగా మొదలుపెడితే అంత బాగా నయమవుతుంది.

మన వైపు నుంచి వచ్చేవాళ్లలో ప్రత్యేకంగా చూడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. దాన్ని బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడతాం. కల్తీ కల్లు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం లాంటి మత్తు మందులు కలిపి అమ్మడం ఏళ్ల తరబడి సాగింది. 2015లో తెలంగాణలో అధికారులు దాని మీద ఒక్కసారిగా పట్టు బిగించేసరికి ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు, నిజామాబాద్ ఆసుపత్రికి జనం బారులు తీరారు. చేతులు వణకడం, ఫిట్స్ రావడం, లేనిది కనబడటం, వినబడటం, పిచ్చెత్తినట్టు పరుగులు తీయడం. రోజూ తాగినవాడికి అది హఠాత్తుగా ఆగితే శరీరం అలా తిరగబడుతుంది. ఇప్పుడు ఆలోచించండి. ఆ కల్లుకు అలవాటుపడ్డ మనిషి శంషాబాద్‌లో విమానం ఎక్కి దోహాలో దిగుతాడు. రెండో రోజో, మూడో రోజో, ఒక్కోసారి వారానికో అతనికి వణుకు మొదలవుతుంది. కొత్త క్యాంపు, తెలియని భాష, పక్కన ఎవరో తెలియని మనుషులు. అర్ధరాత్రి లేచి గేటు దాటి ఎడారిలోకి నడిచి వెళ్లిపోతాడు. తెల్లారేసరికి కంపెనీ రికార్డుల్లో అతను పారిపోయిన మనిషి. నిజానికి అతను ఆసుపత్రిలో ఉండాల్సిన మనిషి. మత్తు మందు నుంచి బయటపడటం కూడా డాక్టరు చేతిమీద, మెల్లమెల్లగా జరగాలి. ప్రయాణానికి ముందే ఊళ్లో డాక్టరుకు నిజం చెప్పుకుంటే ఈ ప్రమాదం తప్పుతుంది.

మరి అల్ ఖోర్‌లో ఆసుపత్రి లేదా? ఉంది. హమద్ మెడికల్ కార్పొరేషన్ నడిపే అల్ ఖోర్ ఆసుపత్రి పెద్దది, మంచిది. మానసిక వైద్యానికి దోహాలో ప్రత్యేక ఆసుపత్రి ఉంది. 2016లోనే ఖతార్ మానసిక ఆరోగ్యం మీద చట్టం చేసింది. కరోనా రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో, మనసు బాగాలేనివాళ్ల కోసం 16000 నంబరుకు ఫోన్ చేసే ఏర్పాటు మొదలుపెట్టారు. కార్మికుల కోసం ఖతార్ రెడ్ క్రెసెంట్ ఆరోగ్య కేంద్రాలు నడిపింది. అంటే వైద్యం ఉంది. కానీ ఆ వైద్యం గుమ్మం దాకా మనిషి నడిచి వెళ్లాలి. వెళ్లాలంటే హెల్త్ కార్డు కావాలి, హెల్త్ కార్డుకు ఐడీ కావాలి. ఐడీ గడువు తీరిన మనిషి కౌంటర్ దగ్గర పేరు చెప్పడానికే జంకుతాడు. వెళ్లినా తన బాధ ఏ భాషలో చెప్పుకుంటాడు? కాలు విరిగితే చూపించవచ్చు. చెవిలో గొంతులు వినిపిస్తున్నాయని చెయ్యి చూపించి చెప్పడం కుదరదు.

కాబట్టి వైద్యమే నడిచి వెళ్లాలి. ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మన దేశంలోనే ఇది చేసి చూపించినవాళ్లున్నారు.

కోల్‌కతాలో ఈశ్వర్ సంకల్ప్ అనే సంస్థ 2007లో మొదలైంది. రోడ్డు మీద మతి చలించి తిరుగుతున్నవాళ్లను వ్యాన్ ఎక్కించి ఆసుపత్రిలో పడేయడం ఒక్కటే దారి అనుకునే రోజుల్లో, వాళ్లు మనిషి ఉన్నచోటికే వెళ్లారు. మొదటి రోజు మందు ఇవ్వరు. పక్కన కూర్చుంటారు. ఓ టీ ఇప్పిస్తారు. ఆ మనిషి ఒప్పుకున్నాకే డాక్టరు వస్తాడు. నన్ను అన్నిటికన్నా కదిలించింది ఆ తర్వాతి సంగతి. రోజూ మాత్ర వేయించేది ఎవరు? ఆ వీధిలో టీ కొట్టు పెట్టుకున్నతను, ఆ పక్కన అన్నం అమ్మే ఆమె. రోజూ ఆ మనిషిని చూసేది వాళ్లే కాబట్టి సంస్థ వాళ్లకే నేర్పించింది. మాత్ర ఎప్పుడు వేయాలి, ఏ తేడా కనబడితే ఫోన్ చేయాలి అని. వీధే ఆసుపత్రి వార్డు అయింది. అల్ ఖోర్‌లో కూడా అలాంటి మనుషులున్నారు. బకాలాలో, అంటే కిరాణా కొట్లో, కౌంటర్ దగ్గర కూర్చునే మలయాళీ అన్న, మెస్‌లో వండే వంటమనిషి, సెలూన్‌లో జుట్టు కత్తిరించే అతను. దాక్కున్న మనిషి రొట్టె కోసం, ఫోన్ రీచార్జి కోసం ఎక్కడికి వస్తాడో వాళ్లకే తెలుసు.

తమిళనాడులో స్కార్ఫ్ అనే సంస్థ ఇంకో పని చేసింది. 2010 నుంచి పుదుక్కోట్టై జిల్లాలో ఒక బస్సు తిప్పింది. బస్సులోనే డాక్టరు గది, బస్సులోనే మందుల షాపు. డాక్టరు చెన్నైలో కూర్చుని టీవీ తెరమీద రోగితో మాట్లాడతాడు, చీటీ రాస్తాడు, బస్సులో ఉన్న మనిషి అక్కడికక్కడే మందు ఇస్తాడు. ఊరూరికీ సైకియాట్రిస్టు దొరకని దేశానికి ఇది చాలా తెలివైన ఏర్పాటు. ఎడారిలో విసిరేసినట్టు ఉన్న క్యాంపులకు ఇది ఇంకా బాగా సరిపోతుంది. చెన్నై డాక్టరు పుదుక్కోట్టై రోగితో మాట్లాడగలిగినప్పుడు, ఖతార్ లైసెన్సు ఉన్న తెలుగు డాక్టరు దోహాలో కూర్చుని అల్ ఖోర్ మనిషితో తెలుగులో మాట్లాడటం కష్టమేమీ కాదు. ఖతార్‌లో పనిచేస్తున్న తెలుగు డాక్టర్లు, నర్సులు ఉన్నారు. వారానికి రెండు గంటలు ఇస్తే చాలు.

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జిమ్ విథర్స్ అనే డాక్టరు 1992లో రాత్రిపూట వీధుల్లో తిరిగి వైద్యం చేయడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆయన పక్కన ఉన్నది ఇంకో డాక్టరు కాదు, తాను కూడా వీధిలో బతికి బయటపడ్డ మనిషి. ఎవరు ఏ వంతెన కింద ఉంటారో, ఎవరితో ఎలా మాట్లాడాలో అతనికే తెలుసు. మనకూ అలాంటివాళ్లు కావాలి. ఒకప్పుడు ఖల్లివెల్లిగా బతికి, కాగితం సరిచేసుకుని, ఈ రోజు మర్యాదగా పనిచేసుకుంటున్నవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లు సిగ్గుపడకుండా ముందుకు రావాలి. వాళ్ల మాట ఏ డిగ్రీకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఇలాంటి ప్రయత్నాలు తెలుగు నేలకు కొత్త కాదని కూడా చెప్పాలి. 1996లో కేంద్ర ప్రభుత్వం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు దేశం మొత్తంలో తొలిగా తీసుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. పెద్దాసుపత్రి నుంచి పల్లెకు మానసిక వైద్యాన్ని తీసుకెళ్లాలన్న ఆలోచన మన పక్కనే పుట్టి పెరిగింది. ఆ మెదక్ నుంచి ఎంతమంది గల్ఫ్ వచ్చారో మీకు తెలుసు.

ఇప్పుడు అల్ ఖోర్ సంగతికి వద్దాం. భారత రాయబార కార్యాలయం దోహా బయట ఉన్నవాళ్ల కోసం పాస్‌పోర్టు పనులకు కాన్సులర్ క్యాంపులు పెడుతుంది. అల్ ఖోర్‌లోనూ పెట్టింది. రాయబార కార్యాలయం నీడలో 1984 నుంచి పనిచేస్తున్న ఇండియన్ కమ్యూనిటీ బెనవొలెంట్ ఫోరమ్, మనవాళ్లు ఐసీబీఎఫ్ అని పిలిచేది, కార్మికులకు మెడికల్ క్యాంపులు పెడుతుంది, శవాలను ఊళ్లకు పంపిస్తుంది, జబ్బుపడ్డవాళ్లను విమానం ఎక్కిస్తుంది. బీపీ చూడటానికీ, షుగరు చూడటానికీ ఇప్పటికే క్యాంపు దాకా బండి వెళ్తోంది. ఆ బండిలోనే మనసు గురించి అడిగే ఒక మనిషిని కూర్చోబెట్టమని నేను అడుగుతున్నాను. కొత్త సంస్థ అక్కర్లేదు, కొత్త బోర్డు అక్కర్లేదు.

ఆ మనిషి ఎలా వెళ్లాలో కూడా నా అభిప్రాయం చెబుతాను. శుక్రవారం వెళ్లాలి, లేదా సాయంత్రం దాటాక వెళ్లాలి. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని ఖతార్‌లో నిబంధన ఉంది. ఆ వేళలో జనం నీడలో ఉంటారు, మాట్లాడటానికి దొరుకుతారు. ముందు మంచినీళ్లు, అన్నం, ఫోన్ చార్జింగ్. ఇంటికి మాట్లాడటానికి పది నిమిషాలు. ఆ తర్వాతే "నిద్ర ఎట్లా పడుతోంది తమ్మీ" అని అడగాలి. మొదటి రోజు పాస్‌పోర్టు నంబరు అడగకూడదు, ఫొటో తీయకూడదు. ఊరి పేరు చెప్పినా చాలు, చెప్పకపోయినా సరే.

అయితే ఒక్క మందుతో ఈ జబ్బు పోతుందని నేను అనుకోను. ఏడు నెలల జీతం రాని మనిషికి మాత్ర ఇచ్చి "ధైర్యంగా ఉండు" అంటే అది సగం వైద్యమే. అందుకే ఆ బండిలో నర్సు పక్కన కాగితాల సంగతి తెలిసిన మనిషి కూడా ఉండాలి. జీతం బాకీ ఉంటే లేబర్ కమిటీలో ఫిర్యాదు ఎలా వేయాలి, ఇంటికి వెళ్లడానికి ఔట్‌పాస్ ఎలా తీసుకోవాలి, క్షమాభిక్ష ఉందా లేదా చెప్పేవాడు. 2016లో సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 1 వరకు, మళ్లీ 2025లో ఫిబ్రవరి 9 నుంచి మూడు నెలలు, గడువు తీరినవాళ్లు జరిమానా, జైలు లేకుండా దేశం విడిచి వెళ్లడానికి ఖతార్ అవకాశం ఇచ్చింది. మనసు బాగాలేని మనిషికి ఇలాంటి వార్త చేరదు. చేరినా నమ్మడు, పట్టుకోవడానికి పన్నిన వల అనుకుంటాడు. చేయి పట్టుకుని తీసుకెళ్లేవాడు లేకపోతే ఆ తలుపు తెరిచి ఉన్నా అతనికి మూసినట్టే. న్యూయార్క్‌లో శామ్ సెంబరిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1992లో ముందు ఇల్లు ఇవ్వండి, వైద్యం ఆ ఇంట్లో నుంచి మొదలుపెట్టండి అన్నాడు. మన దగ్గర కూడా వరస అదే. ముందు భయం లేకుండా ఒక రాత్రి నిద్రపోవడానికి చోటు దొరకాలి.

మందుల విషయంలో రెండు హెచ్చరికలు. మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులు చెమట పట్టడాన్ని తగ్గిస్తాయి, ఒంట్లో వేడి నిలిచిపోతుంది. లిథియం వాడేవాడు ఎండలో పనిచేసి నీళ్లు తగినన్ని తాగకపోతే ఆ మందే విషమవుతుంది. ఖతార్ ఎండలో బయట పనిచేసే మనిషి డాక్టరుకు "నేను ఏ పని చేస్తాను, ఎండలో ఎంతసేపు ఉంటాను" అని తప్పకుండా చెప్పాలి. రెండోది, ఊరి నుంచి వచ్చేవాళ్ల బ్యాగులో నిద్రమాత్రలు పంపించే అలవాటు మానండి. అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోనజిపాం, ట్రమడాల్ లాంటివి ఖతార్‌లో నియంత్రణలో ఉన్న మందులు. భారత రాయబార కార్యాలయం వాటిని తేవద్దని పలుమార్లు హెచ్చరించింది. సాయం చేద్దామని ఒక స్ట్రిప్పు తెచ్చిన మనిషి జైల్లో పడిన బాధ ఏ కుటుంబానికీ రాకూడదు.

సాయం చేసేవాళ్లకు ఇంకో మాట. బజారులో మతి చలించి మాట్లాడుతున్న తెలుగువాడు కనబడితే వెంటనే ఫోన్ తీసి వీడియో తీసి గ్రూపుల్లో పెడుతున్నారు. మంచి ఉద్దేశంతోనే చేస్తారని నాకు తెలుసు. కానీ ఒకరి ఫొటోను, వీడియోను వాళ్ల ఒప్పుకోలు లేకుండా తీసి పంచడం ఖతార్‌లో నేరం. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ఆ వీడియో ఊళ్లో అతని బిడ్డ ఫోన్‌కు చేరుతుంది. నయమై ఇంటికి వెళ్లాక కూడా ఊరు ఆ వీడియోను మరిచిపోదు. అలాగే వాట్సాప్‌లో చందాలు వసూలు చేయడం కూడా చట్టం ఒప్పుకోదు. దానధర్మాలకు అనుమతి పొందిన సంస్థల ద్వారానే వెళ్లాలి.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పుకోవాలి. ఇళ్లలో పనికి వచ్చిన మన అక్కచెల్లెళ్లకు క్యాంపు కూడా ఉండదు. ఆ ఇంటి గేటు దాటి బయటికి వచ్చిన క్షణం నుంచీ వాళ్లకు నేల మీద చోటు లేదు. పక్క గదిలో ఊరి మనిషి అనే ఆసరా కూడా ఉండదు. వాళ్ల దగ్గరికి వెళ్లేది ఆడమనిషే అయ్యుండాలి, తెలుగు తెలిసిన ఆడమనిషి అయ్యుండాలి. వాళ్లు అన్నీ ఒక్కరోజులో చెప్పరు. మూడు సార్లు వెళ్తే నాలుగోసారి నోరు విప్పుతారు.

"మేము డాక్టర్లం కాదు, మేమేం చేయగలం" అంటారు కొందరు. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో ఇదే సమస్య ఎదుర్కొన్నాడు. దేశంలో డాక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఆయన హరారేలో ఆరోగ్య కేంద్రాల దగ్గర చెట్ల కింద బల్లలు వేయించాడు. వాడవాడలా అందరికీ తెలిసిన ముసలమ్మలకు శిక్షణ ఇచ్చి ఆ బల్లల మీద కూర్చోబెట్టాడు. బాధ ఉన్నవాళ్లు వచ్చి అవ్వ పక్కన కూర్చుని చెప్పుకుంటారు. అవ్వ వింటుంది, ఒక్క సమస్యను ఎంచుకోమంటుంది, దానికి దారి వెతుకుదాం అంటుంది. 2016లో దాని ఫలితాలు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయ్యాయి. మామూలు చికిత్స పొందినవాళ్లకన్నా ఆ బల్లల మీద కూర్చున్నవాళ్ల బాధలు ఎక్కువగా తగ్గాయని అందులో తేలింది. 2022 ప్రపంచ కప్ సందర్భంగా ఖతార్‌లో కూడా అలాంటి బల్లలు పెట్టారు, పోటీలో ఉన్న 32 జట్లకూ ఒక్కొక్కటి చొప్పున 32. ఆ ఆలోచన ఈ దేశానికి పరిచయమైనదే. క్యాంపు మెస్ బయట, బకాలా పక్కన ఒక బల్ల వేసి, మన పెద్దమనిషి ఒకాయన శుక్రవారం సాయంత్రం కూర్చుంటే చాలు. ఓపికగా వినడం, రహస్యం దాచడం, తన చేతిలో లేని జబ్బును గుర్తుపట్టి డాక్టరు దగ్గరికి పంపడం. ఈ మూడూ నేర్పితే వస్తాయి.

ఇంటికి పంపడంతో పని అయిపోయిందనుకుంటాం. అక్కడే చాలా మంది జారిపోతారు. మతి స్థిమితం లేని మనిషిని ఒంటరిగా విమానం ఎక్కిస్తే మధ్యలో ఏ ఎయిర్‌పోర్టులోనో తప్పిపోతాడు. తోడుగా మనిషి వెళ్లాలి, డాక్టరు చీటీ చేతికివ్వాలి, శంషాబాద్‌లో ఇంటివాళ్లు ఎదురుండాలి. ముంబై దగ్గర కర్జత్‌లో డాక్టర్ భరత్ వత్వానీ నడిపే శ్రద్ధ పునరావాస సంస్థ 1988 నుంచి రోడ్ల మీద దొరికిన మానసిక రోగులకు వైద్యం చేసి, దేశంలో ఏ మూల ఊరైనా వెతికి ఇంటికి చేరుస్తోంది. అందుకే ఆయనకు 2018లో మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్ల పనిలో నాకు నచ్చేది, ఇంటి గుమ్మం దగ్గర వదిలేసి రారు. జబ్బు ఏమిటో, మందు ఎందుకు ఆపకూడదో ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి చెబుతారు. గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవాడికి కూడా అదే జరగాలి. మన 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం ప్రకారం ఇల్లు లేని, దిక్కులేని మానసిక రోగులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యం ఉచితం. అది భిక్ష కాదు, హక్కు. ఇండియాలో ఉన్నవాళ్లు 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు. 2022 అక్టోబరు 10 నుంచి ఆ సేవ ఉంది.

ఊళ్లో ఉన్న తల్లులకు, భార్యలకు, అన్నదమ్ములకు నేను చేతులెత్తి అడిగేది ఒకటి. మీవాడు నెల రోజులుగా ఫోన్ ఎత్తకపోతే "వాడు మారిపోయిండు, అక్కడ ఎవరినో చూసుకున్నడు" అని తీర్మానం చేయకండి. వాడి గదిలో ఉన్నవాళ్ల నంబరు ఇప్పుడే రాసి పెట్టుకోండి, పాస్‌పోర్టు జిరాక్సు ఇంట్లో ఉంచుకోండి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి. తెలంగాణవాళ్లకు హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి ఉంది, ఆంధ్రావాళ్లకు తాడేపల్లిలో ఏపీఎన్నార్టీ సొసైటీ ఉంది. దొరికాక, ఫోన్‌లో మాట కలిశాక, మొదటి మాటగా అప్పు గురించి అడగకండి. "తిన్నవా, పడుకున్నవా, వచ్చెయ్, మేమున్నం" అనండి. అప్పులవాళ్లతో మాట్లాడటం అతను వచ్చాక చూసుకోవచ్చు.

అల్ ఖోర్‌లో, రాస్ లఫాన్‌లో, దోహాలో వింటున్న అన్నలకు, తమ్ముళ్లకు. మీ గదిలో, మీ పక్క గదిలో నిద్రలేక అర్ధరాత్రి మంచం మీద కూర్చునే మనిషి ఉంటే, ఈ శుక్రవారం అతని పక్కన ఒక గంట కూర్చోండి. 16000కు మీరే ఫోన్ చేసి అతనికి ఇవ్వండి, హిందీ రాకపోతే మీరే తర్జుమా చేయండి. చనిపోతానని అంటుంటే ఒంటరిగా వదలకండి, 999కి ఫోన్ చేయండి. కాగితం లేని మనిషైతే ఐసీబీఎఫ్ వాళ్లకో, రాయబార కార్యాలయానికో మీరు కబురు చేయండి, మొదటిసారి మీరే వెంట వెళ్లండి. తెలుగు సంఘాల పెద్దలకు నా మనవి. ఉగాదికీ, బతుకమ్మకూ, సంక్రాంతికీ మనం హాళ్లు నింపుతున్నాం. వచ్చే మెడికల్ క్యాంపు ఎప్పుడో కనుక్కుని, అందులో మనసు గురించి తెలుగులో మాట్లాడే ఒక కుర్చీ వేయించండి.